రాజుది తప్పని నేను రాయించిన నోట్సు

2016 ఏప్రిల్ 18వ తేదీ, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, రేపల్లెలో మా కళాశాల స్టాఫ్ రూమ్‌లో, బి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తన జవాబు పత్రాన్ని నా బల్ల మీద పెట్టి, పదిహేను మార్కుల ప్రశ్నకు మూడే ఎందుకు వేశారో చెప్పమని అడిగింది. తేదీ, వేళ ఇంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయని మీకు అనుమానం రావచ్చు. అది జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. మార్కుల గురించి ఎవరు అడిగినా తేదీ, వేళ, విషయం ఒక రిజిస్టరులో రాసుకునే అలవాటు నాకుండేది. ఆ రిజిస్టరు చూపించమని నా ఉద్యోగకాలమంతటిలో ఏ అధికారీ అడగలేదు. అడిగితే సిద్ధంగా ఉండాలన్న పట్టుదలతో నేను మాత్రం రాస్తూనే పోయాను.

కొత్తగా అధ్యాపక వృత్తిలోకి వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను కనుక, నా గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మా కుటుంబంలో డిగ్రీ పట్టా చేతితో పట్టుకున్న మొదటివాణ్ని నేను. వేమూరు దగ్గర పల్లెలో మా నాన్నగారు కాలువ కింద పొలాల్లో కూలికి వెళ్లేవారు. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టింది నేనే. ఏ కార్యాలయానికి అర్జీ వెళ్లాలన్నా రాసింది నేనే. ఎడమవైపు తగినంత మార్జిను వదిలి, తగిన అధికారికి, తగిన దారిలో పంపిన కాగితం ఎన్నటికీ వృథా పోదని నాకు చిన్ననాడే గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే చదివాను, దానితోనే ఉద్యోగం చేశాను. ఇంగ్లీషు సాహిత్యం బోధించింది కూడా, నిజం చెప్పాలంటే, ఆ నమ్మకంతోనే.

మా కళాశాలకు స్వయంప్రతిపత్తి వచ్చిన కొత్తలో పాఠ్యప్రణాళిక మేమే తయారు చేసుకోవలసి వచ్చింది. అందుకోసం ఒక సంఘం కూర్చుంది. పాత నాటకాలు ఒకటి రెండు చాలునని ఒకరు, ఇంకా పాతవి ఉంటే గౌరవంగా ఉంటుందని ఇంకొకరు అన్నారు. అంతకంటే పాతది ఏముందని వెతికితే ప్రాచీన గ్రీకు విషాద నాటకం దొరికింది. సంఘంలోని ఆరుగురిలో ఆ నాటకాన్ని చదివినవారు ఒక్కరూ లేరు. చదవలేదన్న విషయం ఒకరి కళ్లలో ఒకరికి కనబడింది కాబట్టి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. బోధించే బాధ్యత సంఘంలో అందరికంటే చిన్నవాడినైన నాకు గౌరవపూర్వకంగా అప్పగించారు.

ఆ నాటకం కథ మీకు చెప్పాలి, లేకపోతే తక్కినది అర్థం కాదు. సింహాసనం కోసం ఇద్దరు అన్నదమ్ములు పోరాడి ఇద్దరూ చనిపోతారు. రాజ్యానికి వచ్చిన మేనమామ, ఊరి మీదికి శత్రుసేనను తెచ్చినవాడికి అంత్యక్రియలు చేయరాదని ఆజ్ఞ ఇస్తాడు. చెల్లెలు ఆ ఆజ్ఞను కాదని అన్న శవం మీద మట్టి చల్లుతుంది. రాజు ఆమెను సజీవంగా గుహలో పెట్టి మూయిస్తాడు. చివరికి మనసు మార్చుకుంటాడు. అప్పటికి ఆలస్యమైపోతుంది, గుహలో ఆమె ప్రాణం తీసుకుని ఉంటుంది.

ఈ నాటకానికి నోట్సు తయారు చేయడానికి నాకు పట్టిన సమయం, తెనాలి నుంచి రేపల్లెకు మా ప్యాసింజరు రైలు పట్టే సమయం. నేను తెనాలిలో ఉండేవాణ్ని. రోజూ ఆ రైల్లోనే వచ్చేవాణ్ని. గైడు పుస్తకం ఒకటి సంపాదించి, తెనాలిలో మొదలుపెట్టి, వేమూరు వచ్చేసరికి సంఘర్షణ పూర్తి చేశాను. భట్టిప్రోలు దాటేసరికి ఇతివృత్తం కూడా పూర్తయింది. సంఘర్షణ అంటే ధర్మానికీ అధర్మానికీ పోరాటం. చెల్లెలు ధర్మం, రాజు అధర్మం. ఇతివృత్తం అంటే అహంకారం పతనానికి దారితీయడం. ఒక్కో దానికి ఎనిమిది పాయింట్లు, ప్రతి పాయింటు కింద ఒక గీత. రెండు వేల అయిదు వందల ఏళ్లుగా పండితులు తెగ్గొట్టలేని వివాదాన్ని నేను పల్లికోన స్టేషనుకు ముందే పరిష్కరించాను.

ఆ నోట్సును పదకొండేళ్లు రాయించాను. మొదటి రెండేళ్ల తర్వాత నేను రాయించే అవసరం కూడా పెద్దగా లేకపోయింది. సీనియర్ల నుంచి జూనియర్లకు జిరాక్సులుగా వెళ్లిపోయేది. పరీక్షల్లో ప్రశ్నపత్రం నేనే తయారు చేసేవాణ్ని. దిద్దేందుకు కీ నేనే ఇచ్చేవాణ్ని. పేపర్లు నేనే దిద్దేవాణ్ని. నేను చెప్పినది, నేను అడిగినది, నేను దిద్దినది సరిగ్గా ఒక్కలాగే ఉండటం చూసి విద్యా ప్రమాణాలు పెరుగుతున్నాయని మా శాఖాధిపతి ఏటా నివేదికలో రాసేవారు. దిద్దే పద్ధతి కూడా తేలికే. గీతలు లెక్కపెట్టడం. ఎనిమిది గీతలుంటే పన్నెండు మార్కులు, ఆరుంటే తొమ్మిది. గీత మీద ఉన్నది చదవవలసిన అవసరం దాదాపు రాలేదు.

ఆ సోమవారం జవాబు పత్రాలు విద్యార్థులకు చూపించే రోజు. ఆ అమ్మాయి పత్రంలో ఒక్క గీత కూడా లేదు. నేను మూడు మార్కులు వేసింది అందుకే. ఆ మూడైనా మూడు పేజీలు రాసినందుకు వేశాను. మొత్తం మీద ఆమెకు ముప్పై ఆరు వచ్చాయి. నలభై వస్తే పాసు. ఆమె తక్కిన సబ్జెక్టులన్నీ మంచి మార్కులతో పాసయింది. ఈ ఒక్కటి పోతే ఆ ఏడాది బి.ఇడి.లో చేరడానికి వీల్లేదు. టీచరు కావాలన్నది ఆమె కోరిక. ఇదంతా ఆమె చాలా మర్యాదగా, తొందర లేకుండా చెప్పింది.

నేను కూడా మర్యాదగానే, కీ తీసి చూపించి, ఇందులో ఉన్న ఎనిమిది అంశాల్లో నీ సమాధానంలో ఒక్కటీ లేదమ్మా అన్నాను.

"రాజుది అధర్మం అని రాయలేదనాండి?"

"అది మొదటి పాయింటు. అదే లేకపోతే తక్కినవి ఎక్కడి నుంచి వస్తాయి?"

"అది అబద్ధం కదండీ," అంది ఆమె. గొంతు పెంచలేదు. మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పే ధోరణిలో చెప్పింది.

స్టాఫ్ రూమ్‌లో వార్తాపత్రిక చదువుతున్న ఇద్దరు సహోద్యోగులు పేజీ తిప్పడం ఆపేశారు. నేను రిజిస్టరు తెరిచి తేదీ, వేళ రాసుకున్నాను. అలాంటి సమయాల్లో అది నాకు చాలా ధైర్యాన్నిచ్చేది.

అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. వాళ్లది రేపల్లెకు దగ్గరలో, కాలువ చివరి ఊరు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. తండ్రి అదే మండలంలో గ్రామ రెవెన్యూ అధికారి. అప్పటికి నాలుగేళ్ల కిందట తుఫానుకు మురుగుకాలువ పొంగి, వాళ్ల సమాధుల తోట మోకాలిలోతు మునిగిపోయింది. ఆ మర్నాడే ఆమె మేనత్త చనిపోయింది. ఊళ్లో మునగని నేల ఒక్కటే మిగిలింది, మంచినీళ్ల చెరువు గట్టు. బంధువులు అక్కడ గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. ఆ నీళ్లే మూడు ఊళ్లు తాగుతాయి. తవ్వకం ఆపమని కాగితం రాసి, సంతకం పెట్టి, గట్టు మీదికి వెళ్లి పారలు కింద పెట్టించినవాడు ఆమె తండ్రి. చనిపోయింది ఆయన సొంత అక్క. పెట్టెను రెండు రోజులు చర్చి వసారాలో ఉంచవలసి వచ్చింది. ఆయన తల్లి ఏడాదిపాటు ఆయన చేతి అన్నం ముట్టలేదు. ఈ అమ్మాయి ఏడాదిపాటు తండ్రితో మాట్లాడలేదు.

"నాటకం లైబ్రరీలో తీసుకుని చదివానండి," అంది. "ముందు ఆ అమ్మాయిలో నన్ను చూసుకున్నాను. మూడోసారి చదివేసరికి రాజులో మా నాన్న కనపడ్డాడు. ఆయనది అధర్మం అని రాస్తే ఎలాగండి? అట్లాగని మా అత్తని వసారాలో ఉంచడం కూడా న్యాయం అని రాయలేను."

మా కళాశాల గ్రంథాలయంలో ఆ నాటకం ప్రతి ఒకటుందని నాకు తెలుసు. దాన్ని ఎవరైనా తీసుకుంటారని మాత్రం నాకు తెలియదు.

ఆమెకు నేను ఇచ్చిన సలహా పూర్తిగా నిబంధనల ప్రకారం ఉంది. అయిదు మార్కుల వరకు గ్రేస్ మార్కులు కలిపే అవకాశం ఉంది. మంగళవారం సాయంత్రం నాలుగింటిలోగా దరఖాస్తు ఇస్తే చాలు. నాలుగు మార్కులే కావాలి కనుక చిక్కు లేదు. దరఖాస్తు నమూనా కూడా సొరుగులోంచి తీసి ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "నా సమాధానం లోపభూయిష్టమని అంగీకరిస్తూ, దయతో పరిశీలించవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అన్నది ఆ వాక్యం. ఆ నమూనా తయారు చేసినవాణ్ని కూడా నేనే. భాష బాగుందని అప్పట్లో ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు.

ఆమె ఆ కాగితాన్ని మడత పెట్టకుండా నా బల్ల మీదే ఉంచి వెళ్లిపోయింది.

మర్నాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే, తండ్రే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఫైలు. కూతురి మార్కుల విషయానికి ఫైలు ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. నేనైనా ఫైలుతోనే వెళ్లి ఉండేవాణ్ని. నన్ను చూసి నమస్కారం పెట్టి, తమ అమ్మాయికి కాస్త నచ్చజెప్పమని అడిగాడు. తన మాట వినడం లేదన్నాడు. ఏడాది పోతుందన్నాడు. ఒక్క సంతకమే కదా అన్నాడు.

నేను నచ్చజెప్పాను. సంతకం ఒక లాంఛనమనీ, దాని అర్థం పట్టించుకునేవారు ఎవరూ లేరనీ, ఎన్నో ఏళ్లుగా ఎందరో పెట్టారనీ, వారిలో కొందరు ఇప్పుడు గొప్ప ఉద్యోగాల్లో ఉన్నారనీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె తండ్రివైపే చూస్తోంది.

"నాన్నా," అంది చివరికి. "ఆ రోజు గట్టు మీద నువ్వు ఇచ్చిన కాగితం తప్పని ఇవాళ రాసివ్వమంటే రాస్తావా?"

ఆయన ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రాయను," అన్నాడు.

"మరి నన్నెందుకు రాయమంటున్నావు?"

"నాది ఉద్యోగం తల్లీ. నీది పరీక్ష."

"నాకు ఉన్నది పరీక్షే కదా నాన్నా."

ఆయన నావైపు తిరిగి, కొంచెం సిగ్గుపడుతున్నట్టుగా, "అచ్చం నా పోలికేనండి," అన్నాడు. ఆ మాటలో బాధ ఎంతో, గర్వం ఎంతో విడదీయడం నాకు చేతకాలేదు. నాలుగు గంటలైంది. దరఖాస్తు నా బల్ల మీదే ఉండిపోయింది. తండ్రీకూతుళ్లిద్దరూ ఒకే మోటారుసైకిలు మీద వెళ్లిపోవడం కిటికీలోంచి చూశాను.

ఇక్కడ మా అటెండరు గురించి చెప్పాలి. ఆయనది తెనాలి, నాకంటే రెండేళ్లు పెద్దవారు. ముస్లిం కుటుంబం, ఇంట్లో ఉర్దూ, స్టేజీ మీద సమాసాలతో నిండిన తెలుగు పద్యం. పద్య నాటకాల్లో రాజు వేషాలకు, ముఖ్యంగా ప్రేక్షకులు తిట్టుకునే రాజుల వేషాలకు, చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు మంచి పేరు. మా శాఖలో నాటకం గురించి తెలిసినవారు ఆయన ఒక్కరే. అందుచేత ఆయన చేత మేము టీ తెప్పించుకునేవాళ్లం.

బుధవారం ఉదయం రైల్లో ఆయన నా ఎదుటి సీటులో కూర్చున్నారు. ఊరికే అడుగుతున్నట్టు, చెడ్డ రాజు వేషం కట్టడం కష్టమా అని అడిగాను.

"చెడ్డ రాజు అని ఎవరన్నారు మాస్టారూ?"

"అందరూ అంటారుగా."

"అందరూ అనొచ్చండి. నేను అనుకోకూడదు. నాది తప్పు అనుకుంటా స్టేజీ ఎక్కితే పద్యం గొంతులోనే ఆగిపోద్ది. ముందు వరసలో పిల్లకాయలు కూడా నవ్వుతారు." ఆయన కిటికీ బయటికి చూసి మళ్లీ అన్నారు: "కిరీటం పెట్టేముందు మా గురువుగారు ఒకటే ప్రశ్న అడిగేవారండి. నీ రాజుకి రాత్రి నిద్ర పడతదా అని. హాయిగా పడతదండీ అంటేనే పెట్టనిచ్చేవారు. మీ పుస్తకాల్లో అది ఉండదేంటండి?"

మా పుస్తకాల్లో ఉంది. నా నోట్సులో లేదు.

ఆ రోజు క్లాసులు లేవు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆమె మూడు పేజీలూ మొదటిసారి చదివాను. అంతకుముందు లెక్కపెట్టానే కాని చదవలేదని ఇదివరకే మనవి చేశాను. ఇంగ్లీషులో వ్యాకరణ దోషాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎర్ర సిరాతో చుట్టడం నా చేతికి అలవాటు కనుక నాలుగైదు చుట్టి, తర్వాత ఆపేశాను. ఆమె రాసినదానిలో ఒక చోటు తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: బతికి ఉన్నవాళ్ల తరఫున రాజు మాట్లాడుతున్నాడు, పోయినవాళ్ల తరఫున ఆ అమ్మాయి మాట్లాడుతోంది, ఊరికి ఇద్దరూ అవసరమే, ఒకరి మాట ఒకరు చివరిదాకా వినలేదు, నాటకంలోని దుఃఖమంతా అదే. పదకొండేళ్లలో నేను రాయించిన నూట డెబ్బై ఆరు గీతల మీద ఈ ముక్క ఎక్కడా లేదు.

గ్రంథాలయానికి వెళ్లి నాటకం తెచ్చుకున్నాను. కార్డు మీద ఒక్కటే పేరుంది, ఆమెది. మూడుసార్లు తీసుకుంది. సాయంత్రం అయిదింటికల్లా చదవడం పూర్తయింది. పదకొండేళ్లు బోధించిన తర్వాత ఒక నాటకాన్ని మొదటిసారి చదవడంలో ఉండే ఆనందం వేరు. మీకు ఆ అవకాశం రాకూడదని కోరుకుంటున్నాను.

నాకు అప్పటికి విషయం స్పష్టమైంది. కీ అసంపూర్ణమనీ, ఈ సమాధానం సరైనదనీ నేను పరీక్షల కంట్రోలర్‌కు తెలిపితే ఆయన ఆ పేపరును మళ్లీ దిద్దించవచ్చు. కానీ ఆ మాట ఫలితాలు ప్రకటించకముందే అందాలి. నోటీసు బోర్డు మీద ఫలితాలు అతికించాక మార్కు మార్చాలంటే పాలకమండలి కూర్చోవాలి. పాలకమండలి కూర్చునేది ఏడాదికి రెండుసార్లు. ఫలితాలు గురువారం మధ్యాహ్నం మూడింటికి.

బుధవారం సాయంత్రమే లేఖ రాశాను. చిత్తుప్రతి, దాని మీద దిద్దుబాట్లు, ఆ తర్వాత శుద్ధప్రతి. "పరీక్షకుడు ఇచ్చిన కీ ఏకపక్షంగా ఉన్నది. రాజు వాదనలోని న్యాయాన్ని గుర్తించిన ఈ సమాధానమే నాటకానికి దగ్గరగా ఉన్నది. పొరపాటు అభ్యర్థినిది కాదు, నాది." నా జీవితంలో నేను రాసిన మంచి లేఖల్లో అదొకటి. పైన కుడిమూల శాఖాధిపతి ద్వారా అని కూడా రాశాను. లెక్చరరు నేరుగా కంట్రోలర్‌కు రాయడం పద్ధతి కాదు. తగిన దారిలో వెళ్లాలి.

గురువారం ఉదయం తొమ్మిదింటికి కళాశాలకు చేరేసరికి శాఖాధిపతి లేరు. బాపట్లలో ఇంకో కళాశాల పరీక్షలకు పరిశీలకుడిగా వెళ్లారని తెలిసింది. కంట్రోలర్ గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన ఫలితాల జాబితాలు సరిచూసుకుంటూ కనిపించారు. నన్ను చూసి తల ఊపారు. నేనూ తల ఊపాను. లేఖ నా సంచిలో ఉంది. సంతకం లేని లేఖతో ఆయన పని పాడు చేయడం భావ్యం కాదనుకుని, ఆ తలుపు ముందు నుంచే నడిచి బస్టాండుకు వెళ్లాను.

రేపల్లె నుంచి బాపట్లకు బస్సు చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది. ఆ రోజు ప్రతి ఊళ్లోనూ ఆగింది. ఊరు లేనిచోట కూడా ఆగింది. బాపట్ల చేరేసరికి పదకొండున్నర దాటింది. అప్పటికి అక్కడ పరీక్ష జరుగుతోంది. పరీక్ష జరుగుతుండగా పరిశీలకుణ్ని బయటికి పిలవడం పద్ధతి కాదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఒంటి గంటకు గంట కొట్టారు. శాఖాధిపతి బయటికొచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

ఈ మనిషి గురించి నేను ఎన్నో ఏళ్లుగా ఒక అభిప్రాయంతో ఉన్నాను. పాయింట్లు తప్ప మరొకటి తెలియదనీ, ఈ లేఖ చూస్తే మండిపడతారనీ, వాదించవలసి వస్తుందనీ అనుకుని, బస్సులో వాదన కూడా సిద్ధం చేసుకున్నాను. అది కూడా ఎనిమిది అంశాలుగానే వచ్చింది. ఆయన లేఖ నిలబడే చదివారు. జేబులోంచి పెన్ను తీసి, "సిఫారసు చేస్తున్నాను" అని రాసి సంతకం పెట్టారు.

"కంట్రోలర్ గారికి చెప్పారా?" అని అడిగారు.

"మీ సంతకం లేకుండా ఎలా చెప్తానండి?"

ఆయన నా ముఖంలోకి అలాగే చూశారు. "ఫలితాలు మూడింటికి కదండీ. ముందు ఆయనకి చెప్పాలి, నా దగ్గరికి తర్వాత రావాలి. నాకు ఫోన్ చేసినా సరే అనేవాణ్ని."

అని, తానే ఫోన్ తీసి కంట్రోలర్‌కు చేశారు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారి గదిలో జాబితాల మీద సంతకాలు జరుగుతూ ఉంటాయనీ, అక్కడ ఫోన్లు లోపలికి తీసుకెళ్లరనీ ఆయనే అన్నారు. కళాశాల ఆఫీసు నంబరు ఎప్పటిలాగే పనిచేయలేదు. నేను పరుగు లాంటి నడకతో బస్టాండుకు వెళ్లాను.

ఆ నాటకంలో రాజు మనసు మార్చుకున్నాక ఏం చేస్తాడో మీకు చెప్పలేదు. గుహలో ఉన్న అమ్మాయిని ముందు విడిపించి, తర్వాత శవానికి అంత్యక్రియలు చేయమని పెద్దలు చెబుతారు. ఆయన ముందు శవం దగ్గరికి వెళ్తాడు. స్నానం చేయించి, దహనం చేసి, మట్టి పోసి, అన్నీ శాస్త్రోక్తంగా ముగించుకుని అప్పుడు గుహ దగ్గరికి వెళ్తాడు. గైడు పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. దాని కింద గీత గీయవలసిన అవసరం నాకు పదకొండేళ్లలో కనిపించలేదు. ఆ మధ్యాహ్నం బస్సు కిటికీ పక్కన కూర్చుని, సంతకమైన లేఖను మోకాళ్ల మీద పెట్టుకున్నప్పుడు కనిపించింది.

రేపల్లెలో దిగేసరికి మూడూ నలభై. నోటీసు బోర్డు ముందు గుంపు పలచబడింది. కంట్రోలర్ నా లేఖ చదివి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు.

"పొద్దున మీరు నా తలుపు ముందు నుంచే వెళ్లారు కదండీ. నోటిమాటగా ఒక్క మాట చెప్పినా ఆ ఒక్క నంబరు ఆపేసేవాణ్ని. కాగితం రేపొచ్చినా సరిపోయేది."

నేను లేఖ తిరిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆ మాటకు తగిన నమూనా నా దగ్గర లేదు.

ఆమె సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉంది. వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. లేఖ చూపించాను. తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది, రెండు సంతకాలూ చూసింది.

"ఇది నిన్న ఇచ్చి ఉంటే బాగుండేదండి," అంది.

"నిన్నే రాశానమ్మా. సంతకం కోసం బాపట్ల వెళ్లి వచ్చాను."

"కంట్రోలర్ సార్ పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నారు కదండీ?"

"ఉన్నారు."

ఆమె లేఖ తిరిగి ఇస్తూ నన్ను పరిశీలనగా చూసింది. కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

"మా నాన్నా ఇంతేనండి," అంది.

ఆ ఏడాది ఆమెకు బి.ఇడి. సీటు రాలేదు. సప్లిమెంటరీ పరీక్ష రాసింది. అదే ప్రశ్నకు మళ్లీ అదే సమాధానం రాసింది. ఈసారి కీ ఇవ్వనని నేను చెప్పడంతో పేపరు బయటి పరీక్షకుడికి వెళ్లింది. ఆయన పదకొండు మార్కులు వేశారు. మరుసటి ఏడాది ఆమె బాపట్లలో బి.ఇడి.లో చేరింది. ఇప్పుడు కాకుమాను మండలంలో ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతోంది. ఆ గురువారం తర్వాత నేను మళ్లీ నోట్సు రాయించలేదు. ఆ నాటకం చెప్పేటప్పుడు క్లాసును రెండుగా చేసి, సగంమందిని రాజు తరఫున వాదించమనేవాణ్ని. దానికి రెండు పీరియడ్లు ఎక్కువ పట్టేవి, ఉత్తీర్ణత శాతం తగ్గింది, శాఖాధిపతి నివేదికలో ఆ మాట అలాగే రాశారు. మూడేళ్ల తర్వాత నేను రిటైరయ్యాను. దరఖాస్తులోని ఆ వాక్యాన్ని మాత్రం అంతకుముందే కొట్టివేయించాను. దానికి పాలకమండలి రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది.